మన కరువు భత్యం - ఎవరి వంటింటి లెక్క?

ప్రత్యేక సంచికకు హైదరాబాదు నగర చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. నవాబుల గురించీ, కట్టడాల గురించీ రాయగలవారు మన సంఘంలోనే చాలామంది ఉన్నారు. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు మోసినవాణ్ణి, నాకు తెలిసినవి జీతాలు, ధరలు, పింఛన్లు. కనుక ఈ నగరంలో కష్టపడి బ్రతికినవారి రాబడి ఎలా మారుతూ వచ్చిందో, దానికీ మన డి.ఏ.కీ ఉన్న చుట్టరికం ఏమిటో మనవి చేస్తాను.

జనవరి వచ్చినా జూలై వచ్చినా మనం ఎదురుచూసేది డి.ఏ. జి.ఓ. కోసమే. ఎంత శాతం, బకాయిలు ఎన్ని వాయిదాలు అన్నది మనకు కంఠతా వస్తుంది. ఆ శాతం ఎక్కడ పుడుతుందో చెప్పమంటే మాత్రం చాలామంది ఆగిపోతారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తిండిగింజల ధరలు మండిపోయినప్పుడు చిన్న ఉద్యోగులను ఆదుకోవడానికి ఇచ్చిన భత్యమే దీనికి మూలం. తరువాత దాన్ని ధరల సూచీకి ముడివేశారు. ఆ సూచీ పూర్తి పేరు చూడండి: పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ. ఉద్యోగి పేరు అందులో ఎక్కడా లేదు. కార్మికుడు కొనే బియ్యం, పప్పు, కిరసనాయిలు, బట్ట, అతను కట్టే ఇంటి అద్దె, వీటి మీద కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో కట్టే లెక్క అది. దేశంలో ఎంచుకున్న పారిశ్రామిక కేంద్రాలలో హైదరాబాదు ఒకటి. ఈ కేంద్రాలన్నిటి సూచీలనూ కలిపి అఖిల భారత సూచీ తీస్తారు. దాని పన్నెండు నెలల సగటు మీద కేంద్రం తన ఉద్యోగులకు డి.ఏ. ప్రకటిస్తుంది. దాన్ని బట్టి మన రాష్ట్రాలు లెక్క కడతాయి. 2015 పి.ఆర్.సి. ప్రకారం కేంద్రం ఒక శాతం పెంచితే మనకు 0.524 శాతం, ఆ తరువాతి పి.ఆర్.సి.లో 0.91 శాతం అయింది. కేంద్రంతో సమానంగా ఎందుకు ఇవ్వరని కొందరు సభ్యులు ఆవేశపడుతుంటారు. మూలవేతనంలో కలిసిన డి.ఏ. అక్కడొకటి, ఇక్కడొకటి కావడమే దానికి కారణం.

ఇంతకీ ఆ కార్మికుడెవరు?

మన నగరంలో యంత్రాల మీద పనిచేసే కార్మికుడు 1920 ప్రాంతం నుంచి కనిపిస్తాడు. ఆ ఏడు దివాన్ బహద్దూర్ రాంగోపాల్ మిల్లు, అంటే మనం డి.బి.ఆర్. మిల్లు అని పిలుచుకున్నది, ట్యాంక్ బండ్ దిగువన వచ్చింది. 1929లో నిజాం ప్రభుత్వం పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చడానికి ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టింది. వజీర్ సుల్తాన్ టొబాకో 1930లో కంపెనీ అయింది. ముషీరాబాదు పక్కన ఆజమాబాదు పారిశ్రామికవాడ లేచింది. యుద్ధం నడుస్తుండగా 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ పుట్టాయి. ముషీరాబాదు, కవాడిగూడ, భోలక్‌పూర్ గల్లీలలో ఒక్కొక్క గదిలో ఆరుగురేసి ఉన్న సంసారాలు ఈ ఫ్యాక్టరీల సైరను మీదే నడిచేవి.

నేను 1972లో నల్లగొండ జిల్లా నుంచి ఎల్.డి.సి. ఉద్యోగానికి వచ్చినప్పుడు మొదట దిగింది అలాంటి గదిలోనే. మా మేనమామ ఒక బట్టల మిల్లులో పనిచేసేవాడు. చెవుల్లో దూది పింజలు, ఒంటి మీద నూలు వాసన. నాకు చేతికి వచ్చేది రెండు వందల చిల్లర. ఓవర్‌టైం ఉన్న నెలలో మామకు నాకన్నా ఎక్కువే వచ్చేది. "సర్కారు కుర్చీ దొరికిందిరా అల్లుడూ, పైసలు తక్కువైనా ముసలితనంలో తిండికి కొదవుండదు" అనేవాడు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ముసలితనం గురించి ఎవరు వింటారు!

అప్పటికి నగరం పడమటి వైపు, ఉత్తరం వైపు కొత్త ఫ్యాక్టరీలు వచ్చేశాయి. రామచంద్రాపురంలో భెల్, బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్., హిందూస్థాన్ ఏరోనాటిక్స్, ఇంకా హెచ్.ఎం.టి., 1967లో ఇ.సి.ఐ.ఎల్. అన్నీ కేంద్ర ప్రభుత్వానివే. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, క్యాంటీను, పొద్దున్నే గేటు దాకా బస్సు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళ పేరయ్యలు భెల్‌లో టర్నరు సంబంధం వస్తే సచివాలయం గుమాస్తా సంబంధాన్ని పక్కన పెట్టేవారు. నేను పక్కన పెట్టబడ్డవాళ్ళలో ఒకణ్ణి కనుక ఈ సంగతి ఖచ్చితంగా చెప్పగలను.

ఇక ఆ లెక్క ఎలా కట్టేవారో చెబుతాను. 1958-59లో కార్మిక కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి, రాబడి ఎంత, దేనికి ఎంత ఖర్చు పెడుతున్నారు అని సర్వే చేశారు. దాని ఆధారంగా 1960ని నూరుగా తీసుకుని సూచీ మొదలుపెట్టారు. అప్పటి కార్మికుడి ఖర్చులో నూటికి అరవై పాళ్ళు తిండికే పోయేది. తరువాత 1981-82 సర్వేతో 1982 సూచీ, 1999-2000 సర్వేతో 2001 సూచీ, 2016-17 సర్వేతో 2016 సూచీ వచ్చాయి. ఈ చివరి సర్వేకు దేశం మొత్తంలో 88 కేంద్రాలలో 48,384 కుటుంబాలను ఎంచుకున్నారు. తిండి వాటా 2001 నాటికి 46కు, 2016 నాటికి 39కి దిగింది. జనం తక్కువ తింటున్నారని దీని అర్థం కాదు. అద్దెలు, ఫీజులు, వైద్యం, ప్రయాణం పెరిగిపోయి తిండి వాటాను తగ్గించాయి.

ధరల సేకరణ పనిలో ఉన్న మిత్రుడొకాయనతో సరదాకు నేనూ కొన్ని వారాలు బజారు తిరిగాను. అదే దుకాణం, అదే రకం బియ్యం, వారంలో అదే రోజు వెళ్ళి అడగాలి. రకం మారితే లెక్క చెడుతుంది. పాన్, బీడీ, సినిమా టిక్కెట్టు, మంగలి షాపులో క్షవరం, అన్నీ ఆ పట్టీలో ఉండేవి. రేషను షాపు ధర కూడా లెక్కకు వచ్చేది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు ఇంట్లో సంతోషించాం, ఆఫీసులో మాత్రం సూచీ తగ్గి డి.ఏ. తగ్గుతుందేమోనని గుసగుసలాడుకున్నాం. (అదే సంవత్సరం పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు దించిన సంగతి మన సీనియర్లకు గుర్తు చేయనక్కరలేదు.) ఇంటి అద్దెలను మాత్రం ఆరు నెలలకొకసారి అడిగేవారు. కొలత నిజాయితీగానే జరిగేది. అందులో నాకు అనుమానం లేదు.

కొలిచే చెయ్యి అలాగే ఉంది. కొలతకు నిలబడ్డ మనిషే మాయమయ్యాడు.

1980ల చివరి నుంచి ఒక్కొక్క సైరనూ ఆగిపోతూ వచ్చింది. బట్టల మిల్లులు మూతపడ్డాయి. ఐ.డి.పి.ఎల్.ను 1992లో రోగగ్రస్త పరిశ్రమగా ప్రకటించారు. ఆల్విన్‌ను 1990లలో ముక్కలుగా విడదీశారు, ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు పోయింది. ఉప్పల్ దారిలో వెలిగిపోయిన హిందూస్థాన్ కేబుల్స్ మూసివేతకూ, మౌలాలీ హెచ్.ఎం.టి. బేరింగ్స్ మూసివేతకూ 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం పడింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పోయినదంతా వృథా పోలేదు. ఐ.డి.పి.ఎల్.లో 1969 నుంచి 1975 దాకా పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. అక్కడ పని నేర్చినవారు జీడిమెట్ల చుట్టుపక్కల ఎన్ని మందుల కంపెనీలకు ప్రాణం పోశారో! కెమిస్టులకు, ఇంజనీర్లకు అలా దారి దొరికింది. ఫిట్టరుకు, నూలు వడికేవాడికి దొరకలేదు.

వారు ఏమయ్యారు? కొందరు ఆటో కొన్నారు. కొందరు జీడిమెట్లలో, చర్లపల్లిలో కాంట్రాక్టరు కింద, పాత జీతంలో మూడో వంతుకు చేరారు. ఆడవాళ్ళు ఇళ్ళలో అంట్లు తోమడానికి, పచ్చళ్ళు పెట్టి అమ్మడానికి బయలుదేరారు. నలభై అయిదేళ్ళ వయసులో బజారున పడ్డవాడికి కొత్త పని నేర్పే ఏర్పాటు ఎక్కడా ఉండేది కాదు. పాతబస్తీ ఆడవాళ్ళకు ఫ్యాక్టరీ ఎప్పుడూ లేదు. బీడీలు చుట్టడం, లక్క గాజులకు రాళ్ళు అతకడం, జరీ పని, అంతా ఇంట్లోనే, అంతా ముక్కకింత కూలి. సూచీ వారి గడపకు ఏనాడూ వెళ్ళలేదు. ఎందుకంటే ఫ్యాక్టరీలు, గనులు, తోటలు, రైల్వేలు, ప్రజా మోటారు రవాణా, విద్యుత్తు, రేవులు, ఈ ఏడు రంగాల కార్మికులే ఆ సర్వే లెక్కకు వస్తారు.

నగరమేమో ఆ ఏడింటినీ దాటి పెరిగింది. 1971లో దాదాపు 18 లక్షలున్న హైదరాబాదు పట్టణ సముదాయం 1991కి 43 లక్షలు, 2011కి 77 లక్షలు అయింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయిగారు ప్రారంభించారు. దాని వెంట మాదాపూర్, గచ్చిబౌలి రాళ్ళగుట్టలు మేడలైపోయాయి. ఆ మేడలకు ఇటుకలు మోసింది పాలమూరు, శ్రీకాకుళం కూలీలు. పొద్దున్నే అడ్డాల మీద నిలబడి ఎవరు పిలుస్తారా అని చూసేవారిని మీరూ చూసే ఉంటారు. మేడ పూర్తయ్యాక లోపల సాఫ్ట్‌వేర్ కుర్రాడు, గేటు దగ్గర ఏజెన్సీ సెక్యూరిటీ గార్డు, భోజనం తెచ్చే సంచీ కుర్రాడు. ఈ ముగ్గురిలో ఒక్కరి ఖర్చూ మన సూచీలో లేదు.

పేదరికం గురించి కూడా ఒక మాట. దాన్ని కొలవడానికీ మన దేశంలో ఒక గీత ఉంది. 1979లో నిపుణుల సంఘం పట్టణాలలో మనిషికి రోజుకు 2,100 కేలరీల తిండి ప్రమాణంగా, 1973-74 ధరలలో నెలకు సుమారు 57 రూపాయలు అని తేల్చింది. 2011లో రోజుకు 32 రూపాయలని ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు చెబితే దేశమంతా నవ్విపోయింది. 1997 నుంచి 2003 దాకా మనకు గవర్నరుగా ఉన్న రంగరాజన్‌గారి కమిటీ 2014లో దాన్ని 47 రూపాయలు చేసింది. నా దృష్టిలో లోపం అంకెలో లేదు. ఆ గీత ఈ నెల కడుపు నిండిందా అని మాత్రమే అడుగుతుంది. వచ్చే నెల సంగతి అడగదు. మా మేనమామ ఏనాడూ ఆ గీత కింద లేడు. మిల్లు మూసిన ఏడాదికే మామ ఇంట్లో అత్త మెడలో పుస్తెలతాడు మార్వాడీ కొట్టుకు పోయింది.

ఇప్పుడు పింఛను సంగతి. కార్మికులకు 1952 చట్టం కింద ప్రావిడెంట్ ఫండ్ ఉండేది. పింఛను పథకం 1995 నవంబరు 16 నుంచి వచ్చింది. అంతకు ముందే మూతపడ్డ మిల్లు కార్మికుడికి అది కూడా లేదు. పింఛను లెక్క మన లెక్కలాంటిది కాదు. పరిమితికి లోబడిన జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగిస్తారు. ఆ పరిమితి మొదట 5,000 రూపాయలు, 2001లో 6,500, 2014లో 15,000. అన్నిటికన్నా ముఖ్యం, దానికి డి.ఏ. లేదు. కనీస పింఛను వెయ్యి రూపాయలని 2014 సెప్టెంబరులో నిర్ణయించారు. పదేళ్ళ తరువాత 2024లోనూ అదే వెయ్యి. ఈ మధ్యలో తెలంగాణ ప్రభుత్వం ఏ చందా కట్టనక్కరలేని వృద్ధాప్య పింఛనును 2019లో 2,016 రూపాయలు చేసింది. నెలనెలా జీతంలో కోత పడ్డవాడికి అందులో సగం!

మన పింఛను పెరగడానికి ఎవరి వంటింటి లెక్క ఆధారమో, అతని పింఛనుకు మాత్రం ఆ లెక్క వర్తించదు. నలభై ఏళ్ళు ప్రభుత్వ కాగితాలు చూసిన నాకు ఇంతకన్నా వింత కాగితం తగల్లేదు. 2004 సెప్టెంబరు 1 తరువాత మన రాష్ట్ర సర్వీసులో చేరినవారిని కంట్రిబ్యూటరీ పింఛనులో పెట్టినప్పుడు మన సంఘాలు ఎంత గొడవ చేశాయో తెలుసు. చెయ్యవలసిందే. అయితే ఫ్యాక్టరీ పింఛనుదారులు వెయ్యి కాదు, డి.ఏ.తో కలిపి బ్రతకదగిన మొత్తం ఇమ్మని ధర్నాకు కూర్చుంటే మన జెండా అక్కడ కనిపించదు. ఈ వ్యాసం రాయడంలో నా ఉద్దేశం అదే. వారి డిమాండును మన తీర్మానాలలో చేర్చాలని రాబోయే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదిస్తాను. సభ్యులు ఆలోచించి రావాలి.

మా వీధిలో ఒక ఫిట్టరు ఉన్నాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద, నేను అన్నా అంటాను, ఆయన నన్ను సారూ అంటాడు. పనిచేసిన ఫ్యాక్టరీ పేరు అక్కరలేదు. అది మూతపడ్డాక ఒక అపార్టుమెంటుకు రాత్రి వాచ్‌మన్‌గా చేరాడు. మొదట ఏడు వందల చిల్లర పింఛను, తరువాత ఆ వెయ్యి. "సారూ, మీకు డీఏ పెరిగిందంట గదా, మాకు ఎప్పుడు పెరుగుతది?" అని అడుగుతాడు. ఒక ఏడు ఆ వెయ్యి కూడా ఆగిపోయింది. చూస్తే లైఫ్ సర్టిఫికెట్ గడువు దాటింది. ఆ పింఛనుదారులు మనలా ఫలానా నెలలోనే ఇవ్వాలని లేదు, ఎప్పుడిచ్చినా ఆనాటి నుంచి ఏడాది చెల్లుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆయన్ను వెంటబెట్టుకు వెళితే, ముప్పై ఏళ్ళు ఇనుము రాసుకుని వేళ్ళ గీతలు అరిగిపోయి యంత్రం ముద్ర తీసుకోలేదు. నాలుగు వేళ్ళూ మార్చి చూశారు. చివరకు మా మనవడు ఫోనులో ఆయన ముఖం చూపించి సర్టిఫికెట్ పూర్తి చేశాడు. మీ వీధిలోనూ ఇటువంటివారుంటే సంఘం కార్యాలయానికి తీసుకురండి. పింఛను పత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం వెంట ఉండాలి. మంగళ, శుక్రవారాలు ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను అక్కడే ఉంటాను.