తాత చెప్పిన ‘ఎస్’

మొన్న దసరాకి తిమ్మాజిపేటలో మా అక్క ఇంటికి వెళ్ళాను. పండగ హడావుడి కాస్త సద్దుమణిగాక అక్క కొడుకుని పిలిచి, ‘‘ఏంరా, హోంవర్కు చెయ్యలేదా?’’ అని అడిగాను.

‘‘అవు చిన్నమ్మా, చెయ్యలే’’ అన్నాడు నిక్షేపంలా.

సరదా పుట్టి అదే ప్రశ్న ఇంగ్లీషులో వేశాను. ‘‘హావెంట్ యూ డన్ యువర్ హోంవర్క్?’’

‘‘ఎస్!’’ అన్నాడు, క్షణమైనా తడుముకోకుండా.

ఇంగ్లీషువాడి లెక్కలో దానర్థం ‘చేశాను’ అని. వాడి లెక్కలో ‘అవును, చెయ్యలేదు’ అని. అక్క పక్కనే కూర్చుని నవ్వింది గానీ నాకు మాత్రం మా తాత గుర్తొచ్చాడు.

తాత నైజాం రోజుల్లో చదువుకున్నవాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, ఆ పైన ఇంగ్లీషు. ఏ బడో ఎందుకులెండి, ఒకనాడు తనిఖీకి వచ్చిన అధికారి ‘‘పాఠం చదవలేదా?’’ అని ఇంగ్లీషులో అడిగితే తాత లేచి నిలబడి ‘‘ఎస్ సార్’’ అన్నాడట. ‘‘అయితే అప్పజెప్పు’’ అన్నాడాయన. తాతకి నోరు పెగల్లేదు. చదవకపోవడమే కాకుండా అబద్ధం కూడానా అని రెండు అరచేతుల మీదా బెత్తం విరిగింది. ఎనభై దాటాక కూడా తాత ఈ ముచ్చట చెప్పి, ‘‘నేను నిజమే చెప్పిన బిడ్డా’’ అనేవాడు. దెబ్బల సంగతి ఎప్పుడో మర్చిపోయాడు. అబద్ధాలకోరు అన్నమాట మాత్రం పోయేదాకా మర్చిపోలేదు.

చిత్రమేమిటంటే, తాత చేసిన ఈ తప్పుని అచ్చం ఇలాగే చేసేవాళ్ళు జపానులో ఉన్నారు. ‘తినలేదా?’ అని జపానువాణ్ణి అడిగితే ‘హై’ అంటాడు. అంటే, ‘మీరన్నది నిజమే, తినలేదు’ అని. అదే అలవాటున ఇంగ్లీషులోనూ ‘ఎస్’ అనేస్తాడు. వాళ్ళూ మనమూ అడిగినవాడి మాటకి జవాబు చెబుతాం. ఇంగ్లీషువాడు అడిగిన మాటని పట్టించుకోడు, జరిగిన పనికే జవాబు చెబుతాడు. ఇందులో ఎవరిది మర్యాదో మీరే చెప్పండి!

పోలిక ఇక్కడితో ఆగదు. మనకి క్రియ వాక్యం చివర వస్తుంది, వాళ్ళకీ అంతే. మనం ‘ఇంట్లో, ఇంటికి’ అని నామం వెనకాల ప్రత్యయం తగిలిస్తాం, వాళ్ళూ అంతే. ఇంగ్లీషులో ఉన్న ‘ఎ’, ‘ద’ అనే బుల్లి మాటలకి సరితూగేవి ఇద్దరికీ లేవు. అందుకే ఇద్దరూ వాటిని ఉండాల్సిన చోట మింగేసి, అక్కర్లేని చోట కక్కుతారు. ‘దాని గురించి చర్చించాం’ అనే అలవాటున మనం ‘డిస్కస్డ్ అబౌట్’ అంటాం. వాళ్ళూ అదే అంటారు. ‘ఫలానావాడితో పెళ్ళయింది’ కాబట్టి మనకి ‘మ్యారీడ్ విత్’. వాళ్ళకీ పెళ్ళి ‘తో’నే అవుతుంది, వాళ్ళదీ ‘విత్’తే. మన ‘కదా’కి జోడు వాళ్ళ ‘నె’. రెండూ ఇంగ్లీషులోకి దిగేసరికి ప్రతి వాక్యం చివరా ‘ఇజంటిట్’ అయి కూర్చుంటాయి.

తేడాలూ ఉన్నాయి లెండి. సంచీ పోతే జపాను కుర్రాడు ‘ఐ వాజ్ స్టోలెన్ మై బ్యాగ్’ అంటాడు, తననే ఎవరో ఎత్తుకుపోయినట్టు! పోయింది సంచీ అయినా కష్టం తనది కనక, వాళ్ళ భాషలో ఆ కష్టపడ్డవాడే వాక్యానికి కర్త. మనకా గొడవ లేదు. మనకి ఆకలి, నిద్ర, కోపం అన్నీ ‘నాకు’ వస్తాయి. వాటిని ఇంగ్లీషులో ‘నేను’గా మార్చుకునేసరికే ప్రాణం కడబడుతుంది.

ఈ తంటా అంతా చూసి జపానులో ఒక పెద్దమనిషి, తప్పు మనది కాదు ఇంగ్లీషుదే, దాన్నే దిద్దుదాం అన్నాడు. ఆయన మోరి అరినోరి, వాషింగ్టన్‌లో జపాను రాయబారిగా ఉన్నవాడు. జపాను ఇంగ్లీషునే స్వీకరిస్తే ఎలా ఉంటుందని 1872లో అమెరికాలోని యేల్ పండితుడు విట్నీకి ఉత్తరం రాశాడు. అయితే ఓ షరతు: దారితప్పిన క్రియల్ని ముందు దారిలో పెట్టాలి. ‘స్పోక్’ ఏమిటి, చక్కగా ‘స్పీక్డ్’ అనకూడదా? మా తాత వింటే ఓటేసేవాడు. విట్నీ మాత్రం ఒప్పుకోలేదు. సొంత భాషని వదులుకోవద్దని హితవు చెప్పాడు. మోరి 1885లో విద్యామంత్రి అయ్యాడు, 1889లో హత్యకు గురయ్యాడు. జపాను చదువులు జపాను భాషలోనే సాగాయి.

దాంతో పిల్లల ఇంగ్లీషు సన్నగిల్లింది. లండన్ వెళ్ళి చదివొచ్చి ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నవలాకారుడు నత్సుమే సోసెకి 1911లో ఈ సంగతి మీద మాట్లాడుతూ, ఇది దిగజారడం కాదు, అన్నీ సొంత భాషలో నేర్చుకోగలుగుతున్నందుకు సహజంగా వచ్చిన ఫలితం అన్నాడు. ఇంగ్లీషు మాస్టారి నోట ఆ మాట రావడం గొప్పే!

సరే, జపాను ఎక్కడ, పాలమూరు ఎక్కడ అంటారా? దారి ఉంది. హైదరాబాదు రాజ్యంలో 1884లో పారసీ పోయి ఉర్దూ రాజభాష అయింది. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. అప్పటి విద్యాశాఖ డైరెక్టరు సయ్యద్ రాస్ మసూద్. ఇంగ్లీషు నవలాకారుడు ఫార్‌స్టర్ తన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ని అంకితమిచ్చింది ఈయనకే. ఈయన 1922లో జపాను వెళ్ళి అక్కడి బడులన్నీ చూసొచ్చి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పరాయి భాషని పక్కన పెట్టి దేశభాషలో చదువు చెప్పుకుంటూ ఒక ఆసియా దేశం పైకి రావడం ఆయన్ని ఆకట్టుకుంది. ఉస్మానియాకి అంతకన్నా మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

సాక్ష్యం మంచిదే. కానీ జపాను పిల్లవాడికి బడిభాష, అమ్మభాష ఒకటే. హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగంమంది మాట్లాడేది తెలుగు. ఉర్దూ ఇంటిభాష అయినవాళ్ళు ఇంచుమించు పదిమందిలో ఒకరు. మా తాతకి ఇంగ్లీషెంతో ఉర్దూ అంతే, రెండూ నేర్చుకోవాల్సినవే. మసూద్‌గారు జపాను నుంచి తెచ్చిన పాఠం తిమ్మాజిపేట దాకా వచ్చేసరికి తలకిందులైంది. అమ్మభాషలో చదువు కావాలని 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభలు అడిగాయి. ఆ తొలి సభకి అధ్యక్షులు మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డిగారే. 1948 పోలీసు చర్య తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయింది. వచ్చింది తెలుగు కాదు, ఇంగ్లీషు. 2022 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం మొదలైంది. వద్దనను. అక్క కొడుకు చదివేదీ అదే, చదవాలి కూడా. వాడు ‘ఎస్’ అన్నప్పుడు అబద్ధమాడుతున్నాడా, తెలుగులో ఆలోచిస్తున్నాడా అని ఒక్క నిమిషం ఆగి చూసే మాస్టారు దొరికితే నాకంతే చాలు.

ఆ సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. ‘‘ప్రశ్న ఎలా అడిగారో చూడకురా. పని జరిగితే ఎస్, జరక్కపోతే నో.’’

వాడు కాసేపు ఆలోచించాడు. ‘‘మరి తాత నిజమే చెప్పిండు గద చిన్నమ్మా, ఎందుకు కొట్టిండ్రు?’’

జవాబు తోచక మాట మార్చాను. ‘‘ఆరెంట్ యూ హంగ్రీ?’’

వాడు కళ్ళు చికిలించి, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, ‘‘నో... ఎస్... ఆగు, నో...’’ అని చివరికి వంటింటికేసి తిరిగి అరిచాడు.

‘‘అమ్మా, నాకు ఆకలైతుంది!’’