గాలిమర వెలిగించిన పల్లెలు

డెన్మార్కు దేశమున, జట్లాండు ద్వీపకల్పములో, ఆస్కోవ్ అను చిన్న గ్రామము కలదు. అచ్చటి ప్రజా పాఠశాల 1865లో నెలకొన్నది. అంతకు ముందటి ఏడు ప్రష్యా, ఆస్ట్రియాలతో జరిగిన యుద్ధములో ఓడి డెన్మార్కు ష్లెస్విగ్ ప్రాంతమును కోల్పోయెను. అందుచేత సరిహద్దునకు ఆవల చిక్కుకొనిన రోడింగ్ పాఠశాలవారు ఇవతలికి వచ్చి దీనిని స్థాపించిరి. గ్రుండ్ట్‌విగ్ మహాశయుని బోధనల నుండి పుట్టిన ఈ పాఠశాలలలో పరీక్షలు లేవు, పట్టములు లేవు. పొలము పనులు తక్కువగా నుండు శీతకాలమున రైతుబిడ్డలు వచ్చి, చరిత్రయు సాహిత్యమును ప్రకృతిశాస్త్రమును విని, మరల తమ ఊళ్లకు పోవుచుండిరి. విద్యుచ్ఛక్తి చరిత్రలో ఇటువంటి బడికి చోటు దొరకునని ఎవ్వరును తలంపరు. అయినను దొరకినది.

1878లో ఈ బడికి పౌల్ లా కూర్ అను భౌతికశాస్త్రవేత్త ఉపాధ్యాయుడుగా వచ్చెను. అంతకు మునుపు ఆయన కోపెన్‌హేగెన్‌లోని వాతావరణ సంస్థలో ఉన్నతోద్యోగి. టెలిగ్రాఫు యంత్రములలో నూతన కల్పనలు చేసి పేరు గడించినవాడు. ఆ దినములలో విద్యుద్దీపము పట్టణముల సొత్తు. పల్లెకు కిరసనాయిలు దీపమే గతి. క్రొత్త శక్తి పట్టణములకే చెందినచో పల్లె వెనుకబడిపోవునని లా కూర్ చింత. దేశములో బొగ్గు గనులు లేవు. ఏరులకు తగిన వాలు లేదు. గాలి మాత్రము పడమటి సముద్రము నుండి ధారాళముగా వీచును. ప్రభుత్వమిచ్చిన ధనముతో 1891లో ఆయన ఆస్కోవ్‌లో ఒక గాలిమరను కట్టించి దానికి డైనమోను తగిలించెను.

చిక్కంతయు అచ్చటనే మొదలైనది. గాలి ఒక్కతీరుగా వీచదు; విద్యుత్తు ఒక్కతీరుగా రావలెను. ఇందుకై లా కూర్ క్రాటోస్టాట్ అను సాధనమును కల్పించెను. మర వేగము మారినను డైనమోకు చేరు బలము నిలుకడగా నుండుట దాని ప్రయోజనము. ఇక గాలి లేని రాత్రి మాట యేమి? బ్యాటరీలు మిక్కిలి ఖరీదు. కావున మర పుట్టించిన విద్యుత్తుతో నీటిని ఉదజనిగాను ప్రాణవాయువుగాను విడదీసి, ఆ వాయువులను తొట్లలో నిలువచేసెను. 1895 నుండి 1902 వరకు ఆ బడి గదులు ఉదజని దీపములతోనే వెలిగినవి. ఉదజనిలో కొంచెము ప్రాణవాయువు కలిసినచో అది పేలును. బడి కిటికీల అద్దములు పలుమారులు పగిలినట్లు చెప్పుదురు. తుదకు ఆయన బ్యాటరీలకే మరలెను. గాలి తగ్గినపుడు బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు డైనమోలోనికి పారకుండ తనంతట తానే తెగిపోవు మీటను గూడ ఆయనయే కల్పించెను. మరకు రెక్కలు ఎక్కువైనకొలది బలము హెచ్చునను వాడుక నమ్మకము తప్పనియు, వేగముగా తిరుగు కొద్ది రెక్కలే మేలనియు ఆయన గాలి సొరంగములో ప్రయోగములు చేసి తేల్చెను.

యంత్రము సిద్ధమైనంత మాత్రమున పల్లెలో దీపము వెలుగదు. తీగలు లాగవలెను, బ్యాటరీలలో ఆమ్లమును కనిపెట్టుచుండవలెను, డైనమో మొరాయించిన రాత్రి దానిని విప్పి చూడగలవాడు ఊరిలోనే ఉండవలెను. లా కూర్ చేసిన పనులలో మేము అన్నిటికంటె గొప్పదిగా ఎంచునది గాలిమర కాదు, దాని వెంట వచ్చిన శిక్షణ. 1903లో డేనిష్ గాలివిద్యుత్ సంఘము ఏర్పడెను. 1904 నుండి గ్రామీణ యువకులకు విద్యుత్ పనివారుగా ఆస్కోవ్‌లో తరగతులు జరిగినవి. ఆ పడుచువారు పల్లెలలో చిన్న విద్యుత్కేంద్రములను నెలకొల్పి నడుపసాగిరి. డి.సి. అని మనమనుకొను ఏకముఖ విద్యుత్తు ఆ కాలమున దూరము పోజాలదు. కావున ఏ ఊరి కేంద్రము ఆ ఊరిదే: ఒక గాలిమర, ఒక బ్యాటరీ గది, గాలి పడిపోయిన దినములకు ఒక చమురు ఇంజను. 1882 నుండి సహకార పాల కేంద్రములను నడుపుకొనుచున్న ఆ రైతులకు విద్యుత్తును గూడ ఉమ్మడిగా నడుపుకొనుట క్రొత్త గాదు.

నేడు ఆఫ్రికాలోను ఆసియాలోను కరెంటు లేని పల్లెలకు పోయి, సూర్యఫలకములతోను బ్యాటరీలతోను ఇటువంటి చిన్న కేంద్రములను కట్టు ఇంజనీరింగు విద్యార్థులు కలరు. వారి ఉత్సాహము మెచ్చదగినదే. కాని వారు కట్టి పోవుదురు; బ్యాటరీ చెడిన నాడు ఊరివారు వారికి జాబు వ్రాయవలెను. ఆస్కోవ్‌లో చదివినవాడు పల్లెబిడ్డ, పల్లెలలోనే పని చేసినవాడు. రెంటికిని గల భేదము మాకు చిన్నదిగా తోచదు.

లా కూర్ 1908లో మరణించెను. మొదటి ప్రపంచ యుద్ధములో చమురు దిగుమతులు కుంటువడగా గాలిమరలకు గిరాకి పెరిగినది. 1918 నాటికి సుమారు 120 స్థానిక కేంద్రములలో గాలిమరలుండెను. ఒక్కొక్కటి సాధారణముగ 20 నుండి 35 కిలోవాట్లది. అన్నియు కలిపి 3 మెగావాట్లు. దేశము వాడిన విద్యుత్తులో ఇది నూటికి మూడు పాళ్లు. మూడే గదా యని నవ్వవచ్చును. కాని ఆ మూడు పాళ్లును పట్టణపు తీగ చేరని చోట వెలిగినవి. యుద్ధము ముగిసి చమురు చౌకయై, దూరము పోగల ఏ.సి. తీగలు ఊరూరికి వచ్చినంతట ఈ మరలు ఒక్కటొక్కటిగా ఆగిపోయినవి.

1904 నాటి విద్యార్థులలో యోహానెస్ యూల్ అను పదునేడేండ్ల కుర్రవాడుండెను. అర్ధశతాబ్దము తరువాత, 1957లో, ఆయన గెడ్‌సెర్ వద్ద 24 మీటర్ల వ్యాసముతో మూడు రెక్కల గాలిమరను నిలిపెను. అది 200 కిలోవాట్లది, ఏ.సి. విద్యుత్తును నేరుగా దేశపు తీగలకు అందించెను. 1967 వరకు పనిచేసి ఆగినది. 1973లో చమురు ధరలు మండిపోయినప్పుడు ఇంజనీర్లకు ఆ పాత మర గుర్తు వచ్చినది. దానిని బాగుచేసి, మరల తిప్పి, కొలతలు తీసికొనిరి. తరువాత డెన్మార్కు లోకమునకు అమ్మిన మూడు రెక్కల మరలకు అదియే ఒరవడి.

అదే జట్లాండులో ట్విన్డ్ అను చోట 1975లో బడివారు మరల గాలిమరకు పూనుకొనిరి. ఉపాధ్యాయులు, విద్యార్థులు, స్వచ్ఛందముగా వచ్చినవారు కలసి 54 మీటర్ల వ్యాసము గల మరను 1978లో తిప్పిరి. ఆనాటికి లోకములో అంతటి గాలిమర లేదు. 2 మెగావాట్లకు రూపొందించినను దానిని సుమారు 1 మెగావాటుకు పరిమితము చేసి నడిపిరి. ఖర్చును ఉపాధ్యాయులు తమ జీతములు కూడబెట్టి భరించిరి.