అల ఉన్నా అందని యంత్రం

నిస్తంత్రీ విద్య చరిత్ర అనగానే సందేశాలు పంపినవారి చరిత్ర స్ఫురిస్తుంది. నిజానికి అందులో పెద్ద భాగం వాటిని గ్రహించడానికి పడిన పాట్ల చరిత్రయే. అల మన చుట్టూ ఉన్నది. యంత్రం దానిని గుర్తించదు. ల్యాప్‌టాప్ తెరమీద నెట్‌వర్కు పేరు ఒక్కటీ కనిపించనపుడు ఇంటివారికి కలిగే చిక్కు అదే.

జర్మనీలో హెర్ట్జ్ 1888 నాటికి ఈ అలల ఉనికిని నిరూపించినాడు. ఆయన గ్రాహకం ఒక తీగ చుట్ట. దాని కొసల నడుమ ఎగిరే సూక్ష్మమైన నిప్పురవ్వను కంటితో చూడవలసి వచ్చేది. 1890లో ఫ్రాన్సులో బ్రాన్లీ గాజుగొట్టంలో లోహపు రజను నింపినాడు. అల తగలగానే రజను అంటుకొని విద్యుత్తుకు దారి యిచ్చేది. కాని అంటుకున్న రజను దానంతట విడిపోదు. రెండవ సంకేతం వచ్చినా తెలియదు. గొట్టాన్ని తట్టవలసినదే. 1894లో లాడ్జ్ ఆ పనిని యంత్రానికే అప్పగించినాడు. మొరాయించిన యంత్రాన్ని ఆపి మరల నడిపే నేటి ఉపాయానికి అది తాత వంటిది.

జగదీశచంద్ర బోసుగారు 1895లో కలకత్తాలో, గోడలు దాటి వచ్చిన అలతో గంట మ్రోగించి చూపినారు. ఆయన గెలీనా స్ఫటిక గ్రాహకానికి 1904లో అమెరికా పేటెంటు లభించినది.

నెల్లూరు తీరానికి ఈ విద్య కేవలం వినోదం కాదు. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద పెనుతుపానులు తీరం దాటినవి. శ్రీహరికోటలోని డాప్లర్ రాడారు సుమారు 10 సెంటీమీటర్ల అలను పంపి, వాన చినుకులకు తగిలి మరలి వచ్చే దానిని గ్రహిస్తుంది. ఇంటిలో సాధారణమైన వైఫై అల పొడవు 12 సెంటీమీటర్లు. రెండూ దాయాదులే. రాడారు పసిగట్టిన ముప్పు మనకు తెలియాలంటే ఇంటి గ్రాహకం కూడా పనిచేయాలి.

వైఫైకి ఆధారమైన ప్రమాణం 1997లో వెలువడినది. లోపం వెదకే క్రమం మాత్రం పాతదే. ప్రక్కనున్న ఫోనులో నెట్‌వర్కుల పేర్లు కనిపిస్తే అల ఉన్నట్లే, లోపం ల్యాప్‌టాప్‌లోనిది. మొదట విమాన ప్రయాణపు మోడ్‌ను, ప్రక్కన వైఫై మీట ఉంటే దానిని చూడాలి. పిదప యంత్రాన్ని ఆపి మరల నడపాలి. అప్పటికీ ఫలితం లేకుంటే పరికరాల జాబితాలో వైఫై కార్డు ఉన్నదా అని చూడాలి. ఉంటే దానిని నడిపే డ్రైవరును మరల ఎక్కించాలి. లేకుంటే కార్డు వదులైనదో, చెడినదో కావచ్చును. ఇరుగుపొరుగు పేర్లు కనిపించి మన పేరే కనిపించకుంటే, రూటరు 5 గిగాహెర్ట్జ్‌లో పంపుతూ ఉండవచ్చును; పాత కార్డులు పెక్కింటికి 2.4 మాత్రమే అందుతుంది.

అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈ తీరానికి తుపానుల కాలం. ఈ పరీక్షలన్నీ అంతకు ముందే చేసుకొనడం మేలు. విద్యుత్తు పోతే రూటరూ నిలిచిపోతుంది గనుక, బ్యాటరీ రేడియో ఒకటి ఇంట ఉంచుకొనడం మరీ మేలు.