డబ్బామీది అక్షరములు

మన నారాయణఖేడ్ 1956 వరకు బీదరు జిల్లాలోని తాలూకా. ఆ యేట మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినవచ్చు సీమ యిది. నిజాము కాలమున సర్కారు కాగితములు ఉర్దూలో నడిచెను. పట్టా అయినను, నోటీసు అయినను, సామాన్య రైతు ఇంకొకరిచేత చదివించుకొనవలసినదే. ఆ తరువాత పురుగుమందు డబ్బా వచ్చినది. దానినికూడ ఇంకొకరే చదివిపెట్టవలసి వచ్చెను.

1958లో కేరళలో పారాథియాన్ అను పురుగుమందు ఓడ రవాణాలో గోధుమపిండికి అంటి, నూరుమందికి పైగా మరణించిరి. ఆ దుర్ఘటన తరువాత జరిగిన విచారణల ఫలితముగా 1968లో పురుగుమందుల చట్టము, 1971లో దాని నిబంధనలు వచ్చినవి. డబ్బాపై ప్రాంతీయ భాషలోను వివరములుండవలెనని, విషతీవ్రతను రంగుతో చూపవలెనని నిర్ణయించిరి. ఎరుపు మిక్కిలి తీవ్రము. తరువాత వరుసగా పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తు పైరు రంగే గాని, అదియు విషమే.

అదే కాలమున, 1967-68లో, కేంద్ర ప్రభుత్వము రైతులకు వ్యవహార అక్షరాస్యత పథకము ప్రారంభించినది. క్రొత్త వంగడములు, ఎరువులు, మందులు వాడు రైతుకు చదువు కూడ కావలెనని పెద్దలు గ్రహించిరన్నమాట. 1978 అక్టోబరు 2న దేశవ్యాప్తముగా వయోజన విద్యా కార్యక్రమము మొదలైనది. అయినను 2011 జనాభా లెక్కలలో మెదకు జిల్లాలో ఏడేండ్లు నిండినవారిలో అక్షరాస్యులు నూటికి సుమారు 61 మందే. డబ్బా ముందుగా చేరినది, అక్షరము వెనుకబడినది.

మన భాషలో మరియొక చిక్కున్నది. జ్వరమునకు వేయునదియు మందే, పురుగుకు కొట్టునదియు మందే. మందు అనగా మేలుచేయునది, ఎక్కువ వేసిన త్వరగా పని చేయునని చదువురానివాడు తలంచుట సహజము. ఎరుపు, పసుపు గుర్తులున్న డబ్బామీద మాత్రము "విషము" అని వ్రాసియుండును. ఎకరమునకెంత, నీరెంత, కొట్టిన ఎన్ని దినములకు కోయవలెను అన్నదియు అక్కడనే యున్నది. కొన్నవాడు చదివినను చాలదు. పంపు మోయు కూలికి, ప్రత్తి ఏరు స్త్రీలకు ఆ మాట చేరవలెను.

ఖాళీ డబ్బాతోను ప్రమాదమే. 2013 జూలైలో బీహారులోని సారన్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినదని పరీక్షలో తేలినది.

చదువు వచ్చినంతనే అపాయము తొలగదు. చేతితొడుగులు లేక, ఎదురుగాలిలో మందు కొట్టిన పట్టభద్రుడైనను పడిపోవును. కాని చదువు లేనిదే ఆ జాగ్రత్తలు తెలియు దారియే మూసికొనిపోవును. కావున మన ఇండ్లలో చదువు నేర్చిన బిడ్డలు, మూత తీయకముందే డబ్బామీది వ్రాత తలిదండ్రులకును కూలివారికిని బిగ్గరగా చదివి వినిపింపవలెను. ఎవరైన సొమ్మసిల్లినచో ఆ డబ్బాను, లేదా దాని చీటీని, డాక్టరు యొద్దకు తీసికొని పోవలెను. ఏ విషమో తెలిసిననే తగిన చికిత్స త్వరగా అందును. అప్పుడా నాలుగు అక్షరములే ఒక ప్రాణమును నిలుపవచ్చును.