ఒక సెమినారు, ఒక మెమో

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, సర్వీసులో నేను హాజరైన సెమినార్ల గురించి రాస్తానన్నాను. "సెమినార్లంటే భోజనాలూ, బ్యాగులే గదా!" అని ఆయన నవ్వారు. చాలావాటి విషయంలో అది నిజమే. కాని అయస్కాంతాల మీద జరిగిన ఒక సెమినారు నా చేత తప్పు ఒప్పించింది.

1980ల మధ్యలో నేనొక కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. ఒక డి.సి. మోటారు వేగాన్ని కొలిచే టాకో జనరేటర్ బేరింగు పాడైతే, మా ఫిట్టరు దాన్ని విప్పి, ఆర్మేచర్ బయటకు తీసి, బేరింగు మార్చి బిగించాడు. మర్నాడు మోటారు మేము పెట్టిన వేగాన్ని మించి పరుగెత్తింది. చూస్తే టాకో వోల్టేజి పడిపోయి ఉంది. వేగం చాలలేదనుకుని కంట్రోలు ప్యానెల్ ఇంకా పెంచుతూ పోయిందన్నమాట. "అయస్కాంతాన్ని నేను ముట్టనన్నా ముట్టలేదు సార్" అని అతను మొత్తుకున్నాడు. "నిర్లక్ష్యం" అని నోట్ రాసింది నేనే. అతనికి మెమో వచ్చింది.

కొద్ది నెలలకు హైదరాబాదులో ఒక సెమినారుకు నన్ను పంపారు. పరిశోధకులూ, కర్మాగారాల వాళ్లూ కలిసి కూర్చున్న సభ అది. వక్త చరిత్రతో మొదలుపెట్టారు. 1917లో జపానులో కొటారో హోండా కోబాల్ట్ కలిపిన అయస్కాంతపు ఉక్కు తయారుచేశారు. 1931లో మిషిమా ఇనుము, నికెల్, అల్యూమినియం కలిపి అంతకంటే మెరుగైనది చేశారు. అల్నికో ఆ వంశంలోదే. "ఇది బలమైనదే గాని మొండిది కాదు" అన్నారు వక్త. ఇనుప ఆర్మేచర్ లోపల ఉన్నంతసేపూ అయస్కాంత రేఖలకు దారి ఉంటుంది. దాన్ని లాగేస్తే ఖాళీయే మిగిలి, అల్నికో తన బలాన్ని తానే కొంత పోగొట్టుకుంటుంది. ఆర్మేచర్ మళ్లీ పెట్టినా అది తిరిగి రాదు. అందుకే ఆర్మేచర్ తీస్తూనే 'కీపర్' అనే ఇనుప ముక్కను దాని చోటులోకి జరపాలి.

నేను లేచి మా టాకో సంగతి చెప్పాను. "బిగించిన తరువాత మళ్లీ మాగ్నటైజ్ చేయించండి" అన్నారు. అలాగే చేయించాము; వోల్టేజి వచ్చింది. నేను రెండో నోట్ రాశాను, మెమో రద్దయింది. ఫిట్టరు ఒక్కటే మాట అన్నాడు: "మీరు ఆ మీటింగుకు పోయారు గనక సరిపోయింది సార్. పోకపోయుంటే?"

రిటైరయ్యాక చదువుతుంటే ఇంకో సెమినారు కథ దొరికింది. 1960లలో అమెరికాలో కార్ల్ స్ట్రనాట్ కృషితో సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలకు దారి పడింది. కాని కోబాల్ట్ అరుదు. 1978లో జైర్ దేశంలో అల్లర్లతో దాని ధర ఆకాశానికంటింది. అదే ఏడాది జనవరిలో జపానులో జరిగిన ఒక సదస్సులో, అరుదైన మృత్తికలతో ఇనుము ఎందుకు మంచి అయస్కాంతం కావడం లేదో ఒక వక్త వివరించారు: ఇనుప పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయట. అయితే చిన్న పరమాణువులను మధ్యలో చేర్చి వాటిని ఎడం చేస్తే? సభలో కూర్చున్న మసాటో సగావాకు తట్టిన ఆలోచన ఇది. 1982లో ఆయన సుమిటోమో స్పెషల్ మెటల్స్‌లో చేరి నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతం సాధించారు. 1983 నవంబరులో పిట్స్‌బర్గ్ సదస్సులో ఆయనా, వేరే దారిలో అదే పదార్థాన్ని చేరుకున్న జనరల్ మోటార్స్‌కు చెందిన జాన్ క్రోట్ కూడా తమ ఫలితాలు వినిపించారు. కంప్యూటర్ హార్డ్ డిస్కుల్లో, విద్యుత్ కార్ల మోటార్లలో ఉన్నది ఆ అయస్కాంతమే.

మన దగ్గరా ఈ కృషి జరిగింది. హైదరాబాదులోని డి.ఎం.ఆర్.ఎల్.లో సమేరియం-కోబాల్ట్ మీద పరిశోధనలు చేశారు. 2023 మే నెలలో విశాఖపట్నంలో ఆ అయస్కాంతాల కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతులపై ఆంక్షలు పెట్టిన తరువాత ఈ పని విలువ అందరికీ తెలిసివచ్చింది.

మన పిల్లలు చాలామంది ఇప్పుడు అధికారులుగా ఉన్నారు. వారికొక మనవి. ఆ రోజు నన్ను పంపారు గాని, ఆర్మేచర్ విప్పే మనిషిని పంపలేదు. పంపాలన్న ఆలోచన నాకూ రాలేదు. ఈసారి సెమినారుకు పేర్లు రాసేటప్పుడు అటువంటివాని పేరు కూడా ఒకటి రాయండి.