మడమ నరం, మందుబిళ్ల

తెలుగు వాడుకలో ‘నరం’ అన్న మాట రెండు పనులు చేస్తుంది. స్పర్శను మోసేదీ నరమే, పిక్క కండను మడమకు కట్టి ఉంచే తాడూ నరమే. ఈ తాడును వైద్య గ్రంథాలు స్నాయుబంధనం అంటాయి. అరుదుగానే అయినా, ఈ రెండింటికీ చేటు చేయగల మందులు ఫ్లోరోక్వినోలోన్లు అనే యాంటీబయాటిక్‌లు.

వీటి పుట్టుక మలేరియా మందుతో ముడిపడింది. క్లోరోక్విన్ తయారీలో మిగిలిన ఉపపదార్థం ఆధారంగా జార్జ్ లెషర్ బృందం 1962లో నాలిడిక్సిక్ ఆమ్లాన్ని వెలుగులోకి తెచ్చింది. ఆ అణువుల కుటుంబానికి ఫ్లోరిన్ తోడయ్యాక నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చాయి. 1970 నాటి పేటెంటు చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే హక్కు ఇవ్వడం హైదరాబాదుకు కలిసొచ్చింది. ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన సంస్థ ఈ రెండు మందులనూ తయారుచేసింది. పాత మందు క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ 1990 ప్రాంతంలో విజృంభించడంతో సిప్రోఫ్లాక్సాసిన్ ఊరూరా మందుల షాపుల్లోకి చేరింది.

మందు వచ్చినంత వేగంగా హెచ్చరిక రాలేదు. నార్‌ఫ్లాక్సాసిన్ వాడినవారికి మడమ దగ్గర వాపు రావడాన్ని న్యూజిలాండ్ వైద్యులు 1983లోనే నమోదు చేశారు. సిప్రోఫ్లాక్సాసిన్‌కు అమెరికాలో అనుమతి లభించింది 1987లో. స్నాయుబంధనాలు తెగే ముప్పుపై అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ నల్లగీత పెట్టె హెచ్చరిక ముద్రించమన్నది 2008లో. అంటే పాతికేళ్ల ఆలస్యం! నరాల దెబ్బ శాశ్వతం కావచ్చన్న హెచ్చరిక 2013లో చేరింది.

ఆలస్యానికి కొంత కారణం జబ్బు తీరులోనే ఉంది. మడమ వెనక నొప్పి మొదలవుతుంది, మెట్లెక్కుతుంటే టప్పున తెగుతుంది. ఇది మందు మొదలుపెట్టిన రోజుల్లోనే జరగవచ్చు, కోర్సు ముగిసిన కొన్ని నెలలకూ జరగవచ్చు. అప్పటికి ఆ బిళ్ల ఎవరికి గుర్తుంటుంది? అరవై దాటినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి ముప్పు ఎక్కువ. నరాలు దెబ్బతింటే అరికాళ్లలో మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండడం కనిపిస్తాయి. రోగి రెండింటికీ “నరం లాగుతోంది” అనే చెబుతాడు కాబట్టి, ఈమధ్య ఏ బిళ్లలు మింగాడో వైద్యుడు అడిగి తెలుసుకోవాలి.

రోగికి గుర్తులేకపోతే కొన్నిసార్లు షాపు రిజిస్టరు సాయపడవచ్చు. ఇదే కుటుంబానికి చెందిన లెవోఫ్లాక్సాసిన్ 2014 నుంచి భారతదేశంలో మందుల అమ్మకాన్ని కట్టడి చేసే హెచ్1 షెడ్యూలులో ఉంది. అమ్మిన షాపు రోగి పేరు, రాసిన వైద్యుడి పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు భద్రపరచాలి.