ధాత కరువులో మూడున్నర మైళ్ల కాలువ

1877. ఒంగోలు సీమలో ధాత కరువు. చెరువులు నెర్రెలిచ్చాయి. ముందు పశువులు పోయాయి, తర్వాత మనుషులు. అందులోనూ ముందు పోయింది ఊరి చివరి వాడల్లోని మాదిగలు, మాలలే. రైతు గాదెలో గింజ ఉంటే కదా, వాళ్లకు కూలి గింజలు!

సర్కారు కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అక్కడ మేస్త్రీల తిట్లు, దెబ్బలు. కూలి చేతికి సరిగ్గా అందేది కాదు. జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. అంతకుముందు భూములు కొలిచే సర్వేయరు. మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తానే తీసుకుని, తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు.

ఆ గట్టు మీద ఏదో ఒక మధ్యాహ్నం, ఎవరో ఒక తల్లి మట్టి తట్ట దించి అడిగే ఉంటుంది:

"అయ్యా, దేవుడు మమ్మల్ని మరిచిపోయాడంటావా?"

"మరిచిపోతే ఈ పని మనదాకా వచ్చేదా అమ్మా?"

"మరి నా బిడ్డ?"

దానికి బోధకుడి దగ్గర మాట లేదు. పక్కనే మట్టిలో కూర్చుని ఆమెతో కలిసి ప్రార్థన చేశాడు. సాయంత్రం కూలి లెక్క తప్పకుండా ఆమె చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లో దేవుడి మీద నమ్మకమంటే ఈ రెండూనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ బిడ్డ చావుకు అర్థం చెప్పబోయి ఉంటే ఆమె మళ్లీ అతని మొహం చూసేది కాదు.

కరువు చాలదన్నట్టు కలరా కూడా వచ్చింది. అయినా బాప్తిస్మం కావాలని అడిగేవాళ్లు పెరుగుతూనే ఉన్నారు. క్లౌ ఒప్పుకోలేదు. గంజి కోసం చేరారన్న మాట వాళ్ల మీద పడకూడదు. సంవత్సరం దాటినా ఆయన పట్టు సడలలేదు.

1878 నడిమికి సాయం పంపిణీ ఆగిపోయింది. ఇక ఇచ్చేందుకు కూలీ లేదు, గింజలూ లేవు. జనం మాత్రం వచ్చారు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో, ఒక్క రోజున 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది ఆరుగురు తెలుగు పాస్టర్లు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున.